అందరూ ఔనంటేనే

1975 జూలైలో, జెనీవా చర్చలు ఇక ముగిశాయనుకున్న సమయంలో, ఐరోపా భద్రతా సహకార సదస్సుకు ఒక చిన్న దీవి అడ్డం తిరిగింది. దాదాపు రెండేళ్లు కూర్చుని రాసిన ఒప్పందంపై హెల్సింకీలో జూలై 30న దేశాధినేతలు సమావేశమై సంతకాలు చేయాలని అమెరికా, సోవియట్ యూనియన్ సహా అందరూ తొందరపడుతున్నారు. మూడు లక్షల జనాభా ఉన్న మాల్టా ఆ తేదీకి ఒప్పుకోలేదు. మధ్యధరా ప్రాంతంలో ఉద్రిక్తతలు, సైన్యాలు తగ్గాలన్న మాట ఒప్పందంలో ఉండాల్సిందేనని ప్రధాని డోమ్ మింటాఫ్ పట్టుబట్టారు. రెండు అగ్రరాజ్యాలూ విసుక్కున్నాయి తప్ప చేయగలిగింది ఏమీ లేకపోయింది. సదస్సు నియమం ప్రకారం 35 దేశాల్లో ఏ ఒక్కటి అభ్యంతరం చెప్పినా నిర్ణయం జరగదు. చివరికి మాల్టా అడిగిన మాటలు ఒప్పందంలోకి ఎక్కాకే తేదీ ఖరారైంది.

ఆ సదస్సే 1995 జనవరి 1 నుంచి ఐరోపా భద్రతా సహకార సంస్థగా, అంటే ఓఎస్‌సీఈగా మారింది. వియన్నా కేంద్రంగా పనిచేసే ఈ సంస్థలో ఇప్పుడు కెనడా నుంచి మంగోలియా దాకా 57 దేశాలున్నాయి. పేరు మారింది, సభ్యుల సంఖ్య పెరిగింది, ఏకాభిప్రాయ నియమం మాత్రం అలాగే ఉంది. 2021 బడ్జెట్ తర్వాత ఏళ్ల తరబడి ఈ సంస్థ కొత్త బడ్జెట్‌కు ఆమోదం పొందలేకపోయింది. ఉక్రెయిన్‌లో ఎనిమిదేళ్లు పనిచేసిన పర్యవేక్షణ మిషన్ గడువు 2022 మార్చి 31న పొడిగింపు లేకుండా తీరిపోయింది. అందుకే ఈ నియమమే సంస్థకు ఉరితాడైందని, దాన్ని తీసేస్తే తప్ప సంస్కరణ అసాధ్యమని చాలామంది అంటున్నారు. యాభై ఏళ్ల చరిత్రను వరసగా పరిశీలిస్తే నాకు వేరే సంగతి కనిపిస్తుంది. ఈ సంస్థ ఇచ్చిన మాటలకు బలం వచ్చింది ఏకాభిప్రాయం వల్లనే. ఒకసారి అందరూ ఒప్పుకున్న పనికి ఏటేటా మళ్లీ అందరి సమ్మతీ అడిగే ఏర్పాటు వల్ల చేటు జరిగింది. ఈ రెండింటినీ కలిపి ఒకే జబ్బుగా చూస్తే మందు వికటిస్తుంది.

నియమం ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి. ఐరోపా భద్రతపై సదస్సుకు తాము ఆతిథ్యమిస్తామని 1969 మే నెలలో ఫిన్లాండ్ ప్రభుత్వం అన్ని దేశాలకూ లేఖ పంపింది. మూడేళ్ల తర్వాత, 1972 నవంబరు 22న, హెల్సింకీ పక్కనే ఉన్న ఎస్పూలోని డిపోలి భవనంలో సన్నాహక సంప్రదింపులు మొదలయ్యాయి. అది సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం కట్టుకున్న భవనం. సదస్సులో పాల్గొన్న 35 దేశాల్లో 15 నాటో సభ్యులు, ఏడు వార్సా కూటమి దేశాలు, మిగతా 13 ఏ కూటమిలోనూ లేనివి. ఈ లెక్క తెలిస్తే నియమం ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. మెజారిటీ ఓటు పద్ధతి పెట్టి ఉంటే 15 ఓట్ల ముందు ఏడు ఓట్లతో కూర్చోవడానికి మాస్కో వచ్చేది కాదు. అగ్రరాజ్యాలకు మాత్రమే వీటో ఇచ్చి ఉంటే స్విట్జర్లాండ్, యుగోస్లావియా, రొమేనియా లాంటివి ప్రేక్షకులుగా మిగిలేవి. సైనిక కూటములతో నిమిత్తం లేకుండా, సర్వసత్తాక దేశాలుగా, పూర్తి సమానత్వంతో పాల్గొనాలన్న మాట కోసం అందరికన్నా గట్టిగా పోరాడింది వార్సా కూటమిలోనే ఉన్న రొమేనియా. కూటమి పెద్ద చాటు నుంచి బయటికొచ్చి సొంత గొంతుతో మాట్లాడటానికి దానికి దొరికిన అరుదైన వేదిక అది. 1973 జూన్‌లో పూర్తయిన ఆ సిఫారసుల పుస్తకాన్ని అట్ట రంగును బట్టి బ్లూ బుక్ అన్నారు. అందులో ఏకాభిప్రాయానికిచ్చిన అర్థం గమనించదగ్గది. అందరూ చేతులెత్తి ఔననాల్సిన పనిలేదు. నిర్ణయానికి ఇది అడ్డంకి అని చెబుతూ ఏ ప్రతినిధీ అభ్యంతరం తెలపకపోతే చాలు. నచ్చకపోయినా మౌనంగా ఊరుకునే వెసులుబాటు అందులో ఉంది. దౌత్యంలో ఆ వెసులుబాటు విలువ చాలా పెద్దది.

ఈ నియమం బేరసారాల తీరునే మార్చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సరిహద్దులకు అందరి ఆమోదముద్ర కావాలన్నది సోవియట్ కోరిక. మనుషుల రాకపోకలు, విడిపోయిన కుటుంబాల కలయిక, పత్రికల స్వేచ్ఛ ఒప్పందంలో ఉండాలన్నది పశ్చిమ దేశాల పట్టు. అన్ని అంశాలకూ అందరి సమ్మతీ కావాలి కాబట్టి ఎవరూ తమకు కావలసింది మాత్రమే ఏరుకుని వెళ్లిపోలేకపోయారు. సరిహద్దుల గురించి సోవియట్ కోరుకున్న వాక్యం దక్కాలంటే మానవ హక్కుల గురించిన వాక్యాన్ని భరించాలి. సరిహద్దులు శాంతియుతంగా, పరస్పర అంగీకారంతో మారవచ్చన్న ఒక్క వాక్యాన్ని ఏ సూత్రం కింద పెట్టాలన్న దానిపైనే నెలల తరబడి వాదన నడిచింది. సరిహద్దుల ఉల్లంఘన కూడదన్న సూత్రం కింద అది ఉండటం మాస్కోకు ఇష్టం లేదు. అసలు లేకపోతే జర్మనీ ఏకీకరణకు దారి మూసుకుపోతుందని పశ్చిమ జర్మనీ రాజధాని బాన్ భయం. చివరికి సర్వసత్తాక సమానత్వాన్ని చెప్పే మొదటి సూత్రం కింద దానికి చోటు దొరికింది. 1975 ఆగస్టు 1న ఫిన్లాండియా హాలులో నేతలను ఫ్రెంచి అక్షరక్రమంలో కూర్చోబెట్టారు. దాంతో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్, తూర్పు జర్మనీ నాయకుడు ఎరిక్ హోనెకర్ పక్కపక్కనే కూర్చున్నారు. ఒకే పత్రం చేతులు మారుతూ వెళ్తే 35 మంది సంతకాలు చేశారు.

ఆ పత్రం చిత్తు కాగితమేనన్న విమర్శ ఆనాడే వినిపించింది. దానికి చట్టబద్ధత లేదు, కోర్టు లేదు, శిక్ష లేదు. ఈ విమర్శను తేలిగ్గా తోసిపుచ్చలేం. ఒప్పందం పూర్తి పాఠాన్ని సోవియట్ పత్రికలు అచ్చువేశాయి. దాన్ని పట్టుకుని 1976 మే 12న భౌతికశాస్త్రవేత్త యూరీ ఓర్లోవ్ నాయకత్వంలో మాస్కో హెల్సింకీ గ్రూప్ ఏర్పడింది. తమ ప్రభుత్వం చేసిన సంతకాన్ని తమ ప్రభుత్వమే పాటిస్తోందా లేదా అని నమోదు చేయడమే ఆ గ్రూపు పని. ఏడాది తిరక్కుండానే ఓర్లోవ్ అరెస్టయ్యారు, తర్వాత ఏడేళ్లు శిబిరంలో, మరి కొంతకాలం ప్రవాసంలో గడిపారు. 1982లో గ్రూపు తనను తాను రద్దు చేసుకోవలసి వచ్చింది. కాగితం వాళ్లను కాపాడలేదు. అయినా అదే కాగితం వాళ్ల చేతికి ఒక ఆధారం ఇచ్చింది. 1956లో హంగరీపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మెజారిటీతో తీర్మానాలు చేస్తే, అవి శత్రుకూటమి ఓట్లని సోవియట్ యూనియన్ పక్కన పడేసింది. హెల్సింకీ పత్రం విషయంలో అలా అనడానికి వీల్లేకపోయింది, దానిపై సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ సంతకం ఉంది. 1977లో ప్రాగ్‌లో చార్టర్ 77 అనే హక్కుల ప్రకటన రాసినవాళ్లూ ఇదే చెప్పారు, మీరు ఒప్పుకున్నదే అడుగుతున్నామని. బెల్‌గ్రేడ్, మాడ్రిడ్, వియన్నా సమీక్షా సమావేశాల్లో ఖైదీల పేర్లు చదివి వినిపించడానికి పశ్చిమ ప్రతినిధులకు హక్కు దొరికింది కూడా ఆ సంతకం వల్లనే. మెజారిటీ తీర్మానం ఓడినవాడికి పరాయిది. ఏకాభిప్రాయంతో వచ్చిన మాట అతడి సొంత మాట. దాన్ని తప్పినప్పుడు మాట తప్పినవాడిగా నిలబడక తప్పదు.

అయితే మాట ఒక ఎత్తు, దాన్ని అమలు చేసే యంత్రాంగం మరో ఎత్తు. మొదటి పదేళ్లలో ఈ సదస్సుకు కార్యాలయం లేదు, ఉద్యోగులు లేరు, తనిఖీ లేదు. మార్పు వచ్చింది స్టాక్‌హోంలో. 1984లో మొదలైన అక్కడి చర్చలు సైనిక విన్యాసాల గురించి. యుద్ధాభ్యాసం పేరుతో సైన్యాన్ని కూడగట్టి అకస్మాత్తుగా దాడి చేస్తారేమోనన్న భయాన్ని పోగొట్టడం వాటి ఉద్దేశం. తనిఖీ అంటే గూఢచర్యమేనని దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన సోవియట్ సైన్యం తరఫున 1986 ఆగస్టు చివర మార్షల్ అఖ్రొమేయెవ్ స్వయంగా స్టాక్‌హోం వచ్చి, తమ భూభాగంలో తనిఖీకి ఒప్పుకుంటున్నామని ప్రకటించారు. సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. 13,000 మంది సైనికులు గానీ 300 ట్యాంకులు గానీ పాల్గొనే విన్యాసమైతే 42 రోజుల ముందు అందరికీ తెలపాలి. అనుమానం వచ్చిన దేశం తనిఖీ కోరితే 24 గంటల్లో జవాబివ్వాలి, 36 గంటల్లో తనిఖీదారులను లోపలికి రానివ్వాలి. నలుగురికి మించని బృందం 48 గంటల పాటు నేల మీదా గాలిలోనూ తిరిగి చూసుకోవచ్చు. ఏడాదికి ఇన్నిసార్లకు మించి ఒప్పుకోనక్కర్లేదన్న పరిమితి ఉంది, కానీ ఆ పరిమితిలోపు కాదనే హక్కు ఏ దేశానికీ లేదు. 1987 ఆగస్టు చివర అమెరికా సైనికాధికారులు మిన్‌స్క్ దగ్గర సోవియట్ విన్యాసాన్ని ఈ నియమాల కింద తనిఖీ చేశారు. ఆ రోజు మాస్కోను మళ్లీ ఒప్పించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. మాస్కో ఏడాది ముందే ఒప్పుకుంది. సమ్మతి ఒక్కసారి తీసుకుని, ఆ సమ్మతితోనే తర్వాత కాదనే అధికారాన్ని వదులుకునేలా చేయడం ఈ సంస్థ కనిపెట్టిన అసలైన సంస్కరణ అని నేను నమ్ముతాను.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన రెండు మూడేళ్లలో ఈ పద్ధతి పూర్తిగా వికసించింది. 1990 జూన్‌లో కోపెన్‌హేగెన్‌లో సభ్య దేశాలు తమ ఎన్నికల పరిశీలనకు ఇతర దేశాల పరిశీలకులను ముందుగానే ఆహ్వానించాయి. ఆ నవంబరులో ప్యారిస్ చార్టర్ వార్సాలో ఎన్నికల కార్యాలయాన్ని, వియన్నాలో సంఘర్షణ నివారణ కేంద్రాన్ని, ప్రాగ్‌లో సచివాలయాన్ని నెలకొల్పింది. 1991లో, సోవియట్ ప్రభుత్వాన్ని కూలదోయబోయిన ఆగస్టు కుట్ర విఫలమైన కొద్ది వారాలకే, మాస్కోలోనే జరిగిన సమావేశం ఇంకో మెట్టు ఎక్కింది. మానవ హక్కుల విషయం ఏ ఒక్క దేశపు సొంత వ్యవహారం మాత్రమే కాదని అందరూ రాసిచ్చారు. ఎక్కడైనా తీవ్రమైన ముప్పు ఏర్పడితే ఒక దేశం మరో తొమ్మిది దేశాల మద్దతుతో నిపుణుల బృందాన్ని నియమించవచ్చు, ఆరోపణ ఎదుర్కొంటున్న దేశపు అనుమతితో పనిలేదు. దీన్నే మాస్కో యంత్రాంగం అంటారు. చెచెన్యాపై 2018లో, బెలారుస్‌పై 2020లో, ఉక్రెయిన్ యుద్ధంపై 2022లో దీన్ని వాడారు. 2022 మార్చి 3న 45 దేశాలు కలిసి కోరగా, ముగ్గురు నిపుణుల నివేదిక ఏప్రిల్ 13కల్లా బయటికొచ్చి రష్యా సేనలు అంతర్జాతీయ మానవతా చట్టాన్ని ఉల్లంఘించిన తీరును నమోదు చేసింది. వియన్నాలో రష్యా ప్రతినిధి అదే గదిలో కూర్చుని ఉన్నా దాన్ని ఆపలేకపోయారు. 1991లో మాస్కో ఇచ్చిన సమ్మతి 2022లోనూ చెల్లింది.

1992 హెల్సింకీ శిఖరాగ్రంలో పుట్టిన అల్పసంఖ్యాక జాతుల హైకమిషనర్ పదవి కూడా ఈ కోవలోదే. ఎక్కడికి వెళ్లాలో, ఎవరితో మాట్లాడాలో ఆ అధికారి తనంతట తాను నిర్ణయించుకోవచ్చు, ప్రతిసారీ 50 పైచిలుకు దేశాలను అడగనక్కర్లేదు. మొదటి హైకమిషనర్, డచ్ మాజీ విదేశాంగ మంత్రి మాక్స్ వాన్ డెర్ స్టూల్ 1993 వేసవిలో ఎస్టోనియాలో చేసిన పని దీనికి మంచి నిదర్శనం. అక్కడి పార్లమెంటు జూన్‌లో విదేశీయుల చట్టం చేసింది. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడిన రష్యన్ భాషీయుల నివాస హక్కు ప్రశ్నార్థకమైంది. అధ్యక్షుడు లెన్నార్ట్ మేరి వెంటనే సంతకం చేయకుండా ఐరోపా సంస్థల అభిప్రాయం అడిగారు. వాన్ డెర్ స్టూల్ సూచనల్లో పలు అంశాలు చేరాకే చట్టం ఖరారైంది. ఈలోపు రష్యన్ భాషీయులే ఎక్కువగా ఉన్న నార్వా, సిల్లమే పట్టణాలు స్వయంప్రతిపత్తిపై జూలైలో రెఫరెండం ప్రకటించాయి. ఆయన రాజధాని టాలిన్‌కూ ఈ పట్టణాలకూ మధ్య తిరిగి రెండు హామీలు సంపాదించారు. రెఫరెండంను బలప్రయోగంతో ఆపబోమని ప్రభుత్వం, న్యాయస్థానం తీర్పుకు కట్టుబడతామని పట్టణ నాయకులు మాట ఇచ్చారు. ఓటింగ్ జరిగింది, కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది, రక్తం చిందలేదు. ఆ పర్యటనలకు ప్రతిసారీ ఏకాభిప్రాయం కావాల్సి ఉంటే ఆయన చేరేసరికి పుణ్యకాలం గడిచిపోయేది.

అదే 1992లో ఇంకో రకం సంస్కరణ కూడా జరిగింది. నేడు చాలామంది కోరుతున్నది దాన్నే కాబట్టి అదెలా పరిణమించిందో నిదానంగా చూడాలి. జనవరిలో ప్రాగ్‌లో మంత్రులు ఒక మినహాయింపు రాసుకున్నారు. స్పష్టమైన, తీవ్రమైన, సరిదిద్దుకోని ఉల్లంఘన జరిగినప్పుడు సంబంధిత దేశం సమ్మతి లేకుండా మిగతావాళ్లు చర్య తీసుకోవచ్చు, అయితే ఆ చర్య ఆ దేశపు భూభాగం వెలుపలే ఉండాలి. బోస్నియా యుద్ధం నేపథ్యంలో ఆ జూలైలో యుగోస్లావియాను ఈ మినహాయింపు కింద సస్పెండ్ చేశారు. నైతికంగా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. దాని ఫలితం మాత్రం చేదుగానే ఉంది. ఆ సెప్టెంబరులో ఆ దేశంలోని కొసావో, సాంజక్, వోయ్‌వోదినాలకు సంస్థ పరిశీలకులు వెళ్లారు. 1993 వేసవిలో వాళ్ల గడువు తీరగానే, సభ్యత్వం తిరిగిస్తే తప్ప పొడిగించబోమని బెల్‌గ్రేడ్ అంది. భద్రతా మండలి కూడా పునరాలోచించమని కోరింది, ఫలితం లేకపోయింది. కొసావోలో అణచివేత ముదిరి యుద్ధంగా మారిన ఆ ఐదేళ్లలో అక్కడ ఈ సంస్థ కళ్లు లేవు. 1998 చివర్లో పరిశీలకులు తిరిగి వెళ్లేనాటికి పరిస్థితి చేయి దాటింది. యుగోస్లావియా మళ్లీ సభ్యురాలైంది 2000లో. ఆ మినహాయింపును ఆ తర్వాత ఎన్నడూ వాడలేదు. వాడకపోవడానికి పిరికితనం ఒక్కటే కారణం అనుకోను. దోషిని గదిలోంచి పంపేస్తే తీర్మానం సులువవుతుంది, కానీ ఆ దేశపు నేల మీద అడుగుపెట్టే దారి మూసుకుపోతుందని ఆ అనుభవం నేర్పింది.

మరి నేటి ప్రతిష్టంభన ఎక్కడి నుంచి వచ్చింది? నా ఉద్దేశంలో అది 1990లలో తొందరగా, తాత్కాలికమనుకుని చేసిన చిన్న చిన్న ఏర్పాట్ల నుంచి వచ్చింది. క్షేత్ర మిషన్లకు ఆరు నెలలో ఏడాదో గడువు పెట్టారు, సంక్షోభం సద్దుమణగగానే వెనక్కి వచ్చేస్తారన్న నమ్మకంతో. బడ్జెట్‌ను ఏటా అందరూ ఆమోదించాలన్నారు, అప్పట్లో అది చిన్న మొత్తం. ఉన్నత పదవుల నియామకాలూ పొడిగింపులూ అదే దారి. రాజకీయ వాతావరణం చెడగానే ఈ గడువు తేదీలన్నీ వీటో తేదీలయ్యాయి. జార్జియాతో 2008 యుద్ధం తర్వాత రష్యా ఒప్పుకోకపోవడంతో జార్జియా మిషన్ గడువు ఆ డిసెంబరు 31తో తీరిపోయింది. బెలారుస్ 2010 చివరితో తన దేశంలోని కార్యాలయానికి మంగళం పాడింది. 2015లో అజర్‌బైజాన్, 2017లో ఆర్మేనియా కార్యాలయాలు పోయాయి. 2020లో మీడియా స్వేచ్ఛ ప్రతినిధి పొడిగింపుకు అజర్‌బైజాన్, ఎన్నికల కార్యాలయ అధిపతి పొడిగింపుకు తజికిస్తాన్, తుర్కియే అడ్డుచెప్పాయి. సంస్థలోని నాలుగు అగ్ర పదవుల పొడిగింపూ ఒక మూటగా కట్టి ఉండటంతో మిగతా రెండూ కూలి, మహమ్మారి ఏడాదిలో జూలై నుంచి డిసెంబరు దాకా సంస్థ అగ్రస్థానాలు నాలుగూ ఖాళీగా ఉన్నాయి. ఇల్లు కట్టేటప్పుడు వాటాదారులందరి సంతకాలూ అడగడం న్యాయం. కరెంటు బిల్లుకు కూడా నెలనెలా అందరి సంతకాలూ కావాలంటే ఆ ఇంట్లో దీపం వెలగదు.

ఉక్రెయిన్ మిషన్ కథలో ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. క్రిమియా విలీన ఒప్పందంపై మాస్కోలో సంతకాలైన మూడు రోజులకే, 2014 మార్చి 21న, రష్యాతో సహా 57 దేశాలూ ఆ మిషన్‌కు ఔనన్నాయి. ఆయుధాల్లేని పరిశీలకులు తూర్పు ఉక్రెయిన్ అంతటా తిరిగి, కాల్పుల విరమణ ఉల్లంఘనలను రోజూ లెక్కగట్టి ప్రచురించారు. రష్యా సమ్మతి లేకపోతే వేర్పాటువాదుల ప్రాంతాల్లో వాళ్లు అడుగుపెట్టలేకపోయేవారు. ఆ మేరకు ఏకాభిప్రాయం పనిచేసింది. గడువు మాత్రం ఏటేటా పొడిగించాలి. దండయాత్ర మొదలైన ఐదు వారాలకు పొడిగింపు తేదీ వచ్చింది, రష్యా కాదంది, మిషన్ పోయింది. మొదటి నిర్ణయంలోనే, రద్దుకు ఏకాభిప్రాయం కావాలి, కొనసాగింపుకు అక్కర్లేదు అని ఒక్క వాక్యం ఉంటే మాస్కో ఆ పని ఇంత తేలిగ్గా చేయగలిగేది కాదు. ఆ వాక్యం యుద్ధాన్ని ఆపేది కాదని నాకు తెలుసు. పరిశీలకులు ప్రాణభయంతో బయటికి రావలసే వచ్చేదేమో. అయినా కాగితం మీద మిషన్ బతికి ఉండేది, సిబ్బందికి హోదా ఉండేది, తిరిగి వెళ్లడానికి కొత్తగా ఎవరినీ బతిమాలాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. పొరుగు దేశంపై దండెత్తిన రాజ్యానికి ఇంకా కుర్చీ వేసి కూర్చోబెట్టడమేమిటని ఉక్రెయిన్ పౌరుడు అడిగితే తలదించుకోవాల్సిందే. ఆ కోపం ధర్మబద్ధమైనది. బహిష్కరణ చేయాల్సిన సంస్థలూ ఉన్నాయి. ఉమ్మడి విలువలే సభ్యత్వానికి షరతుగా ఉన్న ఐరోపా కౌన్సిల్ 2022 మార్చి 16న రష్యాను తొలగించింది, అది సబబే. దాని మూల్యం కూడా ఉంది. ఆ సెప్టెంబరు నుంచి జరిగే అన్యాయాలపై స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లే దారి రష్యా పౌరులకు మూసుకుపోయింది. ఓఎస్‌సీఈ పుట్టుక వేరు. అది మిత్రుల సంఘంగా పుట్టలేదు, ఒకరినొకరు నమ్మని వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి పుట్టింది. 1975లో ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్లలో ఏడేళ్ల ముందు ప్రాగ్ వీధుల్లోకి ట్యాంకులు పంపినవాళ్లూ ఉన్నారు. దోషి లేని గదిలో అతడి మాటను అతడికే గుర్తుచేయలేం.

రెండో అభ్యంతరం మరింత పదునైనది. నియమం మార్చాలన్నా ఏకాభిప్రాయమే కావాలి కదా, అడ్డుపడేవాడు తన ఆయుధాన్ని తానే ఎందుకు వదులుకుంటాడు? సంస్కరణల చరిత్ర ఈ ప్రశ్నకు కొంత నిరాశే మిగులుస్తుంది. 2005లో ప్రముఖుల బృందం ఒక నివేదిక ఇచ్చింది. సంస్థకు చట్టబద్ధ హోదా ఇచ్చే ఒడంబడిక ముసాయిదా 2007లో సిద్ధమైంది. దానితో పాటు పూర్తి స్థాయి చార్టర్ కూడా ఉండాలని రష్యా, చార్టర్ వద్దని అమెరికా పట్టుబట్టడంతో అది అటకెక్కింది. రష్యా దృష్టిలో సంస్కరణ అంటే ఎన్నికల పరిశీలకులకు కళ్లెం వేయడం, పశ్చిమ దేశాల దృష్టిలో ఆ పరిశీలకుల స్వతంత్రతను కాపాడుకోవడం. ఒకే పదం కింద రెండు వ్యతిరేక కోరికలు నడిచాయి కాబట్టి సమగ్ర ప్రణాళికలన్నీ వీగిపోయాయి. కానీ అఖ్రొమేయెవ్ స్టాక్‌హోం రావడానికి రెండేళ్ల ముందు సోవియట్ తనిఖీకి ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు. 1986లోనూ 1991లోనూ తలుపు తెరుచుకున్నది కొద్దికాలమే. ఆ కొద్దికాలంలో పని జరిగింది, ఎందుకంటే పత్రాలు అప్పటికే రాసి ఉన్నాయి, వాటి గురించి ఏళ్ల తరబడి వాదించిన మనుషులు ఉన్నారు. నేడు చేయవలసిందీ అదే. పాత బడ్జెట్ ధరల పెరుగుదలతో సహా దానంతటదే కొనసాగాలి, మిషన్ల రద్దుకే సమ్మతి అడగాలి, కొత్తవారు వచ్చేదాకా పాతవారు పదవిలో ఉండాలి. ఈ మూడు సవరణల పాఠం ఈ రోజే సిద్ధంగా ఉండాలి. అంతవరకు బతికే దారులను కూడా సంస్థ వెతుక్కుంది. మూతపడిన ఉక్రెయిన్ కార్యకలాపాల స్థానంలో 2022 నవంబరులో స్వచ్ఛంద విరాళాలతో ఒక సహాయ కార్యక్రమం మొదలైంది. 2024 అధ్యక్ష స్థానానికి ఎస్టోనియాను రష్యా అడ్డుకుంటే అందరికీ సమ్మతమైన మరో దేశం దొరికింది. ఆ దేశం మాల్టా.

మన ప్రాంతానికి ఈ చర్చతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. 1985 నాటి సార్క్ చార్టర్ కూడా అన్ని స్థాయుల్లో ఏకగ్రీవమే అంది, పైగా ద్వైపాక్షిక వివాదాలు చర్చకే రాకూడదంది. 2014 నవంబరు ఖాట్మండు తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. హెల్సింకీలో ఏకాభిప్రాయం వివాదాలనే బల్ల మీదికి తెచ్చింది, సార్క్‌లో వివాదాలను గుమ్మం బయటే ఆపింది. నియమం ఒకటే అయినా ఫలితాలు వేరయ్యాయి. మరోపక్క, 2025 జూన్‌లో చింగ్‌డావోలో షాంఘై సహకార సంస్థ రక్షణ మంత్రుల సమావేశంలో పహల్గాం దాడి ప్రస్తావన లేని ఉమ్మడి ప్రకటనపై సంతకం చేయడానికి భారత్ నిరాకరించింది, ఆ ప్రకటన వెలువడనే లేదు. అక్కడ మెజారిటీ ఓటు ఉండి ఉంటే మన అభ్యంతరం ఓడిన ఓటుగా మిగిలేది. బలహీనుడికీ ఒంటరివాడికీ ఏకాభిప్రాయం ఎంత అండో మనకు అనుభవంలోనే ఉంది.

కనుక ఏకాభిప్రాయాన్ని రద్దు చేయాలా ఉంచాలా అన్న ప్రశ్న తప్పు చోట గీత గీస్తోంది. మాట ఇచ్చేటప్పుడు అందరి సమ్మతీ ఉండి తీరాలి, లేకపోతే ఆ మాట ఎవరినీ కట్టిపడేయదు. ఇచ్చిన మాట అమలును మాత్రం ఏ ఒక్కరి తర్వాతి ఇష్టాయిష్టాలకూ వదలకూడదు. మిన్‌స్క్ దగ్గర తనిఖీ, ఎస్టోనియాలో మధ్యవర్తిత్వం, 2022 ఏప్రిల్ నివేదిక ఈ గీతకు ఇవతలి వైపు నిలిచి గెలిచాయి. జార్జియా మిషన్, ఉక్రెయిన్ మిషన్ అవతలి వైపు పడి ఓడాయి. యుద్ధం ఏదో ఒక రోజు ఆగుతుంది, కాల్పుల విరమణ రేఖను కాపలా కాయడానికి అందరూ ఒప్పుకునే కళ్లు మళ్లీ కావాలి. ఆ రోజు కుదిరే ఒప్పందంలో పరిశీలకుల గడువు గురించి రాసే వాక్యాన్ని, పరిశీలకుల సంఖ్య గురించిన వాక్యం కన్నా జాగ్రత్తగా రాయాలి.